కృష్ణకు అటు ఒక గ్రామసభ, ఇటు ఒక గ్రామసభ: నల్లమల చెంచుల కథ

పోస్టు కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

పోటీ పరీక్షలకు చదివేటప్పుడు "వాతావరణ మార్పు, స్థానిక సంస్థల పాత్ర" అని ఒక ప్రశ్న వస్తుంది. మొక్కలు నాటడం, ఇంకుడు గుంతలు, సోలార్ దీపాలు అని నాలుగు పాయింట్లు రాసేస్తాం. మార్కులు కూడా పడతాయి. కానీ మన కర్నూలు, కడప కొండల్లో ఈ ప్రశ్నకు నూట నలభై ఏండ్ల చరిత్ర ఉంది. ఆ చరిత్ర అడిగేది ఒకటే: అడవి గురించి చివరి మాట ఎవరిది?

ముందు నీళ్ల సంగతి చూద్దాం. రాయలసీమ వాన తక్కువ సీమ. 1876-78 నాటి ధాత కరువులో బాగా దెబ్బతిన్న జిల్లాల్లో కర్నూలు ఒకటి. అట్లాంటి సీమలో కూడా మహానంది కోనేట్లో ఏడాది పొడుగునా నీళ్లు పారతాయి, కింద పొలాలు తడుస్తాయి. ఆ నీళ్లు నల్లమల కొండలు తాగి దాచుకున్న వాన నీళ్లే. కొండ మీద చెట్టు పోతే కింద ఊట పోతుంది. ఇప్పుడు ఎండలు ముదిరి, వాన ఒక్కసారే కుండపోతగా కురిసి పోతున్న కాలంలో ఈ లెక్క ఇంకా గట్టిది. కాబట్టి నల్లమలను ఎవరు కాపాడతారన్నది పెంటలో ఉన్నవాళ్ల సమస్య మాత్రమే కాదు, కింద వరి, మిరప వేసే రైతు సమస్య కూడా.

చెంచులకు అడవిని పంచుకునే పద్ధతి చట్టాలు రాకముందే ఉండింది. ఏ పెంట వాళ్లు ఏ కొండ తిరగాల, ఏ తేనె బండ ఎవరిది అన్నది కట్టుబాటు. గడ్డ తవ్వితే మళ్లీ మొలిచేటట్టు తల భాగం మట్టిలో వదలాల. తేనె పట్టు కోస్తే ఈగలకు కొంత ఉంచాల. తగాదా వస్తే పెంట పెద్దలు కూర్చొని తేల్చేవాళ్లు. ఇది కూడా ఒక స్థానిక సభే. రాతలో లేదు, అంతే.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. కర్నూలు, కడప అప్పుడు మద్రాసు రాజధానిలో ఉండినాయి. ఈ చట్టం ప్రకారం ఒక అడవిని రిజర్వు చెయ్యాలంటే ముందు ప్రకటన ఇయ్యాల. హక్కులున్నవాళ్లు గడువులోగా వచ్చి అధికారి ముందు చెప్పుకోవాల. కాగితం మీద న్యాయంగానే కనపడుతుంది. కానీ చదువు లేని పెంటకు ఆ ప్రకటన ఎట్లా తెలుస్తుంది? కొండ తనదే అనుకున్న మనిషి, తన కొండ మీద తనకు హక్కుందని ఎవరికో పోయి ఎందుకు చెప్పుకుంటాడు? అట్లా నల్లమల సర్కారు అడవి అయింది.

కింద ఊర్ల రైతులు ఊరుకోలేదు. పశువుల మేతకు పన్ను, జరిమానాలు, బందెల దొడ్లు, వీటి మీద గోల పెరిగింది. 1913లో మద్రాసు ప్రభుత్వం అటవీ కమిటీ వేసింది. ఆ తర్వాత కొన్నిచోట్ల కలప విలువ లేని చిన్న అడవులను గ్రామ అటవీ పంచాయతీలకు అప్పజెప్పినారు. 1921లో పల్నాడులో పుల్లరి మీద పోరాటం జరిగింది, 1922లో కన్నెగంటి హనుమంతు ప్రాణం ఇచ్చినాడు. పంచాయతీకి అడవి ఇయ్యొచ్చు అన్న ఆలోచన మన ప్రాంతంలో కొత్తది కాదని దీంతో తెలుస్తుంది. అయితే ఆ పంచాయతీలు రైతుల పశువుల మేత కోసం పుట్టినవి. నల్లమల లోపలి పెంటలకు అట్లాంటి అధికారం రాలేదు.

ఇక్కడ కృష్ణానది సంగతి చెప్పాల. నదికి ఉత్తరాన అమ్రాబాద్ నిజాం రాజ్యం, దక్షిణాన కర్నూలు బ్రిటిష్ వాళ్లది. రెండు గట్ల మీదా చెంచులే, ఇంటిపేర్లు కూడా కలుస్తాయి. హైమన్‌డార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్త అమ్రాబాద్ చెంచుల మధ్య ఉండి 1943లో పుస్తకం వేసినాడు. ఆయన సిఫారసుతో నిజాం ప్రభుత్వం అక్కడ చెంచులకు ఒక రిజర్వు ఏర్పాటు చేసింది. 1950లో షెడ్యూల్డ్ ప్రాంతాలను ప్రకటించినప్పుడు హైదరాబాద్ వైపున్న అమ్రాబాద్ గ్రామాలు ఐదో షెడ్యూల్‌లోకి పోయినాయి. మద్రాసు వైపు గోదావరి, విశాఖ ఏజెన్సీలు చేరినాయి. కర్నూలు నల్లమల చేరలేదు.

1996లో పెసా చట్టం వచ్చినప్పుడు ఈ తేడా బయటపడింది. చిన్న అటవీ ఫలసాయం మీద యాజమాన్యం, భూసేకరణకు ముందు సంప్రదింపు, ఇట్లాంటి అధికారాలు పెసాలో ఉన్నాయి. కానీ ఐదో షెడ్యూల్ ప్రాంతానికే ఆ చట్టం వర్తిస్తుంది. అంటే అటు గట్టు చెంచుకు పెసా గ్రామసభ ఉంది, ఇటు గట్టు చెంచుకు లేదు. ఇక్కడ పెంట ఒక పెద్ద పంచాయతీలో భాగం. గ్రామసభలో చెయ్యెత్తితే పదిమంది మధ్య ఒక చెయ్యి అది. షెడ్యూల్డ్ ప్రాంతంలో చేర్చాలనే డిమాండ్ అందుకే ఇప్పటికీ నడుస్తా ఉంది.

ఈ మధ్యలో పులి వచ్చింది. 1978లో నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యం, 1983లో ప్రాజెక్ట్ టైగర్. పులి ఉంటే అడవి ఉంటుంది, అందులో అనుమానం లేదు. అక్కడి బేస్ క్యాంపుల్లో కాపలా కాసేవాళ్లలో, ఎండాకాలం మంటలు ఆర్పేవాళ్లలో మన చెంచు పిల్లలు ఎంతోమంది. అడుగు జాడ చూసి జంతువును చెప్పే చదువు వాళ్లది. 1990లలో వన సంరక్షణ సమితులు వచ్చినాయి. వాటిలోనూ మనవాళ్లు పని చేసినారు. కానీ పథకం, డబ్బు, గడువు పైనుంచే వచ్చినాయి. అడవిని కాపాడే కూలి మనకు, నిర్ణయం ఇంకొకరికి.

కడప జిల్లాలో కలివికోడి కథ కూడా ఇట్లాంటిదే. 1900 తర్వాత కనపడక, ఆ పక్షి అంతరించిపోయిందని లోకం అనుకునింది. 1986లో సిద్దవటం దగ్గర రెడ్డిపల్లె పొదల్లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లకు మళ్లీ దొరికింది. దాన్ని చూపించింది పక్షులు పట్టే ఒక స్థానికుడు. ఆ తర్వాత లంకమల అభయారణ్యం ఏర్పడింది, తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చినారు. ఇప్పుడు 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థా జీవవైవిధ్య యాజమాన్య కమిటీ వెయ్యాల, ఊరి ప్రజల జీవవైవిధ్య రిజిస్టరు రాయించాల. లోకానికి తెలియని పక్షి ఊరి మనిషికి తెలిసినప్పుడు, ఆ రిజిస్టరు ఆఫీసులో కూర్చొని రాసేది కాదని వేరే చెప్పక్కర్లేదు.

మరి ఇటు గట్టుకు ఏమీ లేదా? ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం. దీనికి ఐదో షెడ్యూల్‌తో పని లేదు, కర్నూలుకూ కడపకూ వర్తిస్తుంది. సర్వే కాని పాత ఆవాసం కూడా ఈ చట్టం కింద గ్రామమే. సెక్షన్ 5 చదవండి. వన్యప్రాణులను, అడవిని, జీవవైవిధ్యాన్ని కాపాడే అధికారం, నీటి వనరులు, పరీవాహక ప్రాంతాలు చెడకుండా చూసే అధికారం గ్రామసభకు ఇచ్చినారు. వన్యప్రాణుల కోసమని పెంటను కదిలించాలన్నా గ్రామసభ రాతపూర్వక సమ్మతి ఉండాల. వాతావరణ మార్పు మీద స్థానిక సభ చెయ్యగలిగిన దాంట్లో ఇంతకంటే పెద్దది నాకు కనపడలేదు.

ఇది కాగితం మాటే అనుకోవద్దు. ఒడిశా నియమగిరిలో 2013లో సుప్రీంకోర్టు బాక్సైట్ గనుల విషయం గ్రామసభలకు వదిలింది. పన్నెండు గ్రామసభలు కూర్చున్నాయి, పన్నెండూ వద్దన్నాయి. గని ఆగింది. మన పక్కనే అమ్రాబాద్‌లో యురేనియం అన్వేషణ మాట వచ్చినప్పుడు జనం రోడ్డెక్కినారు. 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ దాన్ని వ్యతిరేకిస్తూ తీర్మానం చేసింది.

2022లో జిల్లాలు మారినాయి. శ్రీశైలం, ఆత్మకూరు ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉన్నాయి. ఆఫీసు బోర్డులు మారినా అడవి అదే, ప్రశ్న అదే.

చదువుకున్న మనం చెయ్యాల్సింది చిన్నదే. సెలవులకు ఊరికి పోయినప్పుడు గ్రామసభ తీర్మానాల పుస్తకం అడిగి చూడండి. అటవీ హక్కుల గ్రామసభకు కనీసం సగం మంది హాజరు కావాల, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాల. మన అవ్వల వేలిముద్ర ఏ తీర్మానం కింద ఉందో, అందులో ఏం రాసి ఉందో చదివి వాళ్లకు వినిపించండి. సామూహిక అటవీ వనరుల హక్కు పత్రం వచ్చిందా, వస్తే ఎవరి పేరు మీద వచ్చింది? హక్కు గ్రామసభది, సమితిది కాదు. 1882లో ప్రకటన చదివి చెప్పేవాళ్లు పెంటలో లేరు. ఇప్పుడు మనం ఉన్నాం.

జై ఆదివాసీ.