అమెరికా సందర్శక వీసా: బి-1, బి-2 చరిత్ర

వ్యాపార పనుల మీద గానీ, చుట్టపు చూపుగా గానీ, విహారానికో వైద్యానికో గానీ కొద్దికాలం అమెరికా వెళ్లే విదేశీయులకు ఆ దేశం ఇచ్చేది సందర్శక వీసా. ఇందులో బి-1 వ్యాపార పనులకు. బి-2 విహారానికి, బంధుమిత్రులను చూసి రావడానికి, చికిత్సకు. భారతీయులకు సాధారణంగా రెండూ కలిపి బి-1/బి-2గా పదేళ్ల గడువుతో ఇస్తారు. ఆ గడువులో ఎన్నిసార్లయినా వెళ్లి రావచ్చు. వీసా పేరులో కనిపించేది వ్యాపారమా, విహారమా అన్న తేడా. చట్టం మొదటి నుంచీ గట్టిగా పట్టుకున్న తేడా మాత్రం వేరు. వచ్చినవారు చూసి వెళ్లిపోయేవారా, ఉండిపోయేవారా? పని మాట్లాడుకుని పోతారా, పనిచేసి జీతం తీసుకుంటారా? ఈ వీసా చరిత్రంతా ఆ గీతను ఎక్కడ గీయాలన్న ప్రశ్న చుట్టూనే నడిచింది.

తొలి దశ

అమెరికా స్వతంత్ర దేశమైన తర్వాత సుమారు వందేళ్ల పాటు, యుద్ధకాలాలు మినహా, అక్కడికి వెళ్లేవారికి ముందస్తు అనుమతి అక్కర్లేదు. 1893లో వివేకానందుడు షికాగో సర్వమత మహాసభకు వెళ్లింది వీసా లేకుండానే.

సందర్శకులను, వలస వచ్చేవారిని వేరుచేసి చూడడం చైనీయులతో మొదలైంది. 1880లో అమెరికా, చైనా చేసుకున్న ఒప్పందం చైనా కూలీల రాకను కట్టడి చేసే హక్కు అమెరికాకు ఇచ్చింది. ఉపాధ్యాయులు, విద్యార్థులు, వర్తకులు, దేశం చూడాలన్న కుతూహలంతో వచ్చేవారు మాత్రం స్వేచ్ఛగా రావచ్చు, పోవచ్చు. 1882లో కూలీల మీద నిషేధం వచ్చింది. రెండేళ్లకు, 1884లో, ఆ చట్టాన్ని సవరించి మినహాయింపు కోరేవారు తెచ్చుకోవలసిన ధ్రువపత్రం ఎలా ఉండాలో వివరంగా రాశారు. అందులో పేరు, వయసు, ఎత్తు, ఒంటి మీది గుర్తులు, వృత్తి ఉండాలి. వర్తకుడైతే అతని వ్యాపారం ఏమిటో, దాని విలువ సుమారుగా ఎంతో రాయాలి. ఊళ్లు చూడడానికి వచ్చేవాడైతే అమెరికాలో తిరుగుతాడా, దాని మీదుగా మరో దేశానికి పోతాడా, స్వదేశంలో అతని ఆర్థిక స్థితి ఏమిటి అన్నవి కూడా ఉండాలి. ఆ కాగితం మీద బయలుదేరే రేవులోనే అమెరికా ప్రతినిధి సరిచూసి సంతకం పెట్టాలి. ఈనాటి వీసా దరఖాస్తులో అడిగే వృత్తి, ప్రయాణ ఉద్దేశం, ఖర్చు ఎవరు పెట్టుకుంటారన్న ప్రశ్నలకు మూలం ఈ పత్రంలో ఉంది. వీధుల్లో తిరిగి సరుకులమ్మేవారిని ఆ చట్టం వర్తకులుగా ఒప్పుకోలేదన్నది కూడా గమనించాలి. వ్యాపారానికి, శ్రమకు మధ్య గీత అప్పుడే పడింది.

1917 నుంచి 1924 వరకు

ఈ ఏడేళ్లలోనే సందర్శక వీసా రూపు కట్టింది. 1917 ఫిబ్రవరి 5న అధ్యక్షుడు విల్సన్ వీటోను తోసిరాజని కాంగ్రెస్ చేసిన వలస చట్టం, అక్షాంశ రేఖాంశాలతో ఆసియాలో ఒక నిషిద్ధ ప్రాంతాన్ని గీసింది. భారతదేశం అందులో పడింది. అయితే ఆ చట్టంలోనే మినహాయింపుల జాబితా ఉంది: అధికారులు, మతబోధకులు, వైద్యులు, ఇంజనీర్లు, ఉపాధ్యాయులు, విద్యార్థులు, రచయితలు, కళాకారులు, వర్తకులు, కుతూహలంతోనో వినోదానికో ప్రయాణించేవారు. నిషిద్ధ ప్రాంతం నుంచి చదువుకు, చూపుకు, బేరానికి వెళ్లేవారికి మిగిలిన దారి ఇదే. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1920ల తొలినాళ్లలో హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యం చదవడానికి బాస్టన్ చేరింది ఈ చట్టం అమలులో ఉన్న రోజుల్లోనే.

1917 జులై 26న, మొదటి ప్రపంచ యుద్ధం మధ్యలో, విదేశాంగ, కార్మిక శాఖలు కలిసి ఒక ఉత్తర్వు జారీ చేశాయి. దాని ప్రకారం అమెరికా వచ్చే విదేశీయులు ముందుగా అమెరికా కాన్సుల్ చేత పాస్‌పోర్టు మీద వీసా వేయించుకోవాలి. 1918లో దీనికి చట్టబలం వచ్చింది. యుద్ధం ముగిసినా నిబంధన పోలేదు. 1920లో రుసుం నిర్ణయించారు: దరఖాస్తుకు 1 డాలరు, వీసాకు 9 డాలర్లు.

1921 కోటా చట్టం ఏ దేశం నుంచి ఎందరు వలస రావచ్చో లెక్క పెట్టింది. ఆ లెక్కలోంచి పర్యాటకులను, తాత్కాలికంగా వ్యాపారానికో వినోదానికో వచ్చేవారిని తప్పించింది. 1924 చట్టం ఈ మాటలను ఇంకా స్థిరపరచి, వలసదారులు కానివారి జాబితాలో వీరికి చోటిచ్చింది. అమెరికా పౌరులయ్యే అర్హత లేదని తేల్చిన జాతులవారికి వలస దారిని పూర్తిగా మూసేసిన చట్టం కూడా ఇదే. 1946లో లూస్-సెల్లర్ చట్టం ఏడాదికి వందమంది భారతీయులకు కోటా ఇచ్చేదాకా సగటు భారతీయుడు అమెరికాలో కాలు పెట్టాలంటే సందర్శకుడిగానో, విద్యార్థిగానో తప్ప వీలు లేకపోయింది.

కాన్సుల్‌కు వీసా నిరాకరించే అధికారం కూడా 1924 చట్టంతోనే బలపడింది. 1927లో ఫెల్ప్స్ కేసులో అప్పీలు కోర్టు, కాన్సుల్ నిర్ణయం సబబో కాదో తేల్చడం తమ పని కాదని చెప్పింది. వీసా నిరాకరణ మీద కోర్టుకు వెళ్లే దారి దాదాపుగా లేకపోవడానికి పునాది ఇలాంటి తీర్పులే. 1929లో రవీంద్రనాథ్ ఠాగూర్ కెనడా నుంచి లాస్ ఏంజలెస్ చేరినప్పుడు పాస్‌పోర్టు పోయింది. ఆ సందర్భంలో అమెరికా వలస అధికారి తీరుకు నొచ్చుకుని, ఆయన పర్యటన రద్దు చేసుకుని జపాన్ వెళ్లిపోయారు. నోబెల్ గ్రహీతకు కూడా తప్పని అనుభవమిది.

1952 చట్టం, హాంకాంగ్ దర్జీ

అధ్యక్షుడు ట్రూమన్ వీటోను కాదని 1952 జూన్ 27న కాంగ్రెస్ చేసిన వలస, జాతీయత చట్టం ఈనాటికీ ఆధారం. వలసేతరులను ఇంగ్లీషు అక్షరాల వరుసలో పెట్టిందీ ఈ చట్టమే. ఎ దౌత్యవేత్తలకు, బి సందర్శకులకు, సి దారిన పోయేవారికి, ఎఫ్ విద్యార్థులకు, ఐ విలేకరులకు. బి కింద వచ్చేవారికి విదేశంలో విడిచిపెట్టే ఉద్దేశం లేని నివాసం ఉండాలి. చదువుకో, ఉద్యోగానికో, పత్రికా పనికో వచ్చేవారు ఇందులోకి రారు. 214(బి) సెక్షన్ దరఖాస్తుదారు వలస వచ్చేవాడే అన్న అనుమానంతో మొదలవుతుంది. కాదని రుజువు చేసుకోవలసిన బాధ్యత దరఖాస్తుదారుదే. తెలుగునాట వీసా రిజెక్ట్ అయిందని చెప్పుకొనే సందర్భాల్లో ఎక్కువ భాగం ఈ సెక్షన్ కిందివే.

వ్యాపారం ఎక్కడ ముగుస్తుంది, ఉద్యోగం ఎక్కడ మొదలవుతుంది అన్న ప్రశ్నకు చక్కని జవాబు దొరికింది ఒక దర్జీ కేసులో. హాంకాంగ్ దుస్తుల సంస్థ తరఫున ఒకతను బి-1 మీద అమెరికా వచ్చి, కొలతలు తీసుకుని, ఆర్డర్లు రాసుకుని, వాటిని హాంకాంగ్ పంపేవాడు. బట్టలు అక్కడ కుట్టి పార్శిల్‌లో వచ్చేవి. టేపుతో కొలవడం శ్రమే కదా, ఇది ఉద్యోగం కాదా అని వలస శాఖ అడిగింది. అప్పీళ్ల బోర్డు 1965లో అతని వైపు తీర్పు ఇచ్చింది. 1966లో అటార్నీ జనరల్ దాన్ని ఖాయం చేశారు. సంస్థ ఉన్నది, లాభం చేరేది విదేశంలో; కొలత తీయడం విదేశీ వ్యాపారానికి అనుబంధమైన పని మాత్రమే అన్నది దాని సారం. హీరా కేసుగా పేరుపడ్డ ఈ నిర్ణయం బి-1 విషయంలో నేటికీ ఒరవడి.

ఈ సూత్రాన్ని సాగదీస్తే ఏమవుతుందో 2013లో తేలింది. బి-1 మీద ఉద్యోగులను పంపి హెచ్-1బి ఉద్యోగ వీసా వారు చేయవలసిన పని చేయించిందన్న ఆరోపణల మీద ఇన్ఫోసిస్ 3.4 కోట్ల డాలర్లు చెల్లించి రాజీపడింది. ఆరోపణలను మాత్రం సంస్థ ఒప్పుకోలేదు.

ఏది దేనికి

ఖాతాదారుతో చర్చలు, ఒప్పందం కుదుర్చుకోవడం, సదస్సులో పాల్గొనడం, ప్రదర్శనలో సరుకు చూపి ఆర్డర్లు తీసుకోవడం, కోర్టు వ్యవహారం బి-1 పనులు. పిల్లల దగ్గరికి వెళ్లడం, నయాగరా చూడడం, పారితోషికం లేకుండా సరదాగా కచేరీలో పాల్గొనడం, చికిత్స చేయించుకోవడం బి-2 పనులు. క్రెడిట్లు వచ్చే చదువుకు ఎఫ్-1 ఉండాలి. డబ్బు తీసుకుని ప్రదర్శన ఇచ్చే కళాకారులకు 1990 చట్టం తెచ్చిన ఓ, పి వీసాలు ఉన్నాయి. విశ్వవిద్యాలయాల్లో ఉపన్యాసానికి వెళ్లే పండితులకు 1998లో ఒక మంచి వెసులుబాటు వచ్చింది: ఒక్కోచోట 9 రోజులు మించకుండా, ఆరు నెలల్లో 5 సంస్థలు దాటకుండా ఉంటే సందర్శక వీసా మీదే గౌరవ పారితోషికం పుచ్చుకోవచ్చు. బిడ్డకు పౌరసత్వం రావాలని అక్కడ కనడమే ప్రధాన ఉద్దేశమైతే బి-2 ఇవ్వకూడదని 2020 జనవరిలో నిబంధన చేర్చారు.

వీసా చేతిలో ఉన్నా ప్రయాణ ఉద్దేశం రెండోసారి తేలేది విమానాశ్రయంలో. పాస్‌పోర్టులో అతికించిన వీసా కాగితం మీద తరగతి దగ్గర బి1/బి2 అనీ, ఎన్నిసార్లు అన్న చోట ఎం అనీ ఉంటాయి; కింద పదేళ్ల తర్వాతి తేదీ ఉంటుంది. ఆ తేదీ అమెరికా గడప దాకా వెళ్లడానికి గడువు మాత్రమే. లోపల ఎన్నాళ్లు ఉండవచ్చో, బి-1గా రానిచ్చారో బి-2గా రానిచ్చారో ఐ-94 పత్రం చెబుతుంది. బి-2 మీద సాధారణంగా ఆరు నెలలు ఇస్తారు. 2013 నుంచి విమానంలో వెళ్లేవారికి ఈ పత్రం కంప్యూటర్‌లోనే ఉంటుంది కాబట్టి దిగిన వెంటనే చూసుకోవడం మేలు. 1996 చట్టం ప్రకారం ఐ-94 తేదీ దాటి ఉంటే పదేళ్ల వీసా రద్దవుతుంది. 180 రోజులకు మించి అక్రమంగా ఉండి వెళ్లినవారిపై మూడేళ్లు, ఏడాది అంతకు మించితే పదేళ్లు నిషేధం పడుతుంది.

1986 చట్టంతో కొన్ని దేశాల వారికి 90 రోజులు వీసా లేకుండా వచ్చే వీలు కల్పించారు. 1988లో బ్రిటన్, తర్వాత జపాన్ చేరాయి. ఆ జాబితాలో భారత్ లేదు.

హైదరాబాద్

1965 చట్టం దేశాలవారీ కోటాలను తీసేశాక తెలుగు వైద్యులు, ఇంజనీర్లు అక్కడ స్థిరపడ్డారు. 1990ల నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు తోడయ్యారు. వారి వెనుకే తల్లిదండ్రుల ప్రయాణాలు. కూతురి కాన్పుకో, మనవడి పుట్టినరోజుకో వెళ్లి ఆరు నెలల లోపు తిరిగిరావడం ఎన్నో తెలుగు ఇళ్లలో మామూలైపోయింది. అయితే ఇంటర్వ్యూకు చాలాకాలం మద్రాసే గతి. ముందురోజు చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, తెల్లవారి జెమినీ ఫ్లైఓవర్ దగ్గరి కాన్సులేట్ ముందు నిలబడేవారు.

సెప్టెంబర్ 11 దాడులకు పాల్పడినవారిలో ఎక్కువమంది సందర్శక వీసాల మీదే వచ్చారని తేలడంతో వేలిముద్రలు, ముఖాముఖి తప్పనిసరయ్యాయి. 2004 చట్టం 14 నుంచి 79 ఏళ్ల వారికి ఇంటర్వ్యూ ఉండాలంది. రద్దీ పెరిగింది. 2006 మార్చిలో హైదరాబాద్ వచ్చిన అధ్యక్షుడు జార్జి బుష్ ఇక్కడ కాన్సులేట్ పెడతామని ప్రకటించారు. 2008 అక్టోబర్‌లో బేగంపేట పైగా ప్యాలెస్‌లో అది మొదలైంది. మరుసటి ఏడాది నుంచి వీసాలు ఇవ్వసాగారు. ఆంధ్ర, తెలంగాణ, ఒడిశా దీని పరిధి. 2023 మార్చిలో 34 కోట్ల డాలర్లతో కట్టిన నానక్‌రామ్‌గూడ భవనానికి మారింది. నగరం శివార్లలోని చిలుకూరు బాలాజీ గుడిలో వీసా కోసం 11 ప్రదక్షిణలు, వచ్చాక 108 చేసే ఆచారం ఈ ప్రయాణాలతో పాటే పెరిగి, స్వామికి వీసా బాలాజీ అన్న పేరు తెచ్చింది.

ఇంటర్వ్యూ అద్దం అవతలి అధికారితో కొద్ది నిమిషాల మాట. ఇంటి దస్తావేజులు, బ్యాంకు కాగితాలు సంచి నిండా తీసుకెళ్లినా, చాలాసార్లు ఆయన చూసేది కంప్యూటర్‌లోని డీఎస్-160 దరఖాస్తునే. ఎందుకు వెళ్తున్నారు, ఎవరి దగ్గర, ఎన్నాళ్లు, ఇక్కడ ఏం చేస్తారు అన్న ప్రశ్నలకు దరఖాస్తులో రాసినదీ నోటితో చెప్పినదీ ఒకటి కావాలి. ఏజెంటు నింపిన ఫారాన్ని ఒకసారైనా చదవకుండా వెళ్లేవారు ఇక్కడే తడబడతారు.

ఇటీవలి మార్పులు

కోవిడ్‌తో 2020 మార్చిలో వీసాలు ఆగిపోయాయి. 2022లో తొలిసారి వెళ్లేవారికి ఇంటర్వ్యూ స్లాట్ దొరకడానికి భారత్‌లో కొన్నిచోట్ల రెండేళ్లకు పైగా పట్టే పరిస్థితి వచ్చింది. సిబ్బందిని పెంచి, 2023 సెప్టెంబర్ చివరికి ఆ ఏడాది పది లక్షల వీసా దరఖాస్తుల మైలురాయిని భారత్‌లోని అమెరికా కార్యాలయాలు దాటాయి. 2012 నుంచి 160 డాలర్లున్న రుసుం 2023 జూన్‌లో 185 అయింది. 2025 జులైలో చేసిన చట్టం దీనికి తోడు మరో 250 డాలర్ల రుసుం పెట్టాలని నిర్దేశించింది.

పాత వీసా ఉన్నవారు ఇంటర్వ్యూ లేకుండా కాగితాలు ఇచ్చి వచ్చే డ్రాప్‌బాక్స్ పద్ధతి కోవిడ్ కాలంలో 48 నెలల దాకా విస్తరించింది. 2025లో దాన్ని కుదించారు. ఆ సెప్టెంబర్ 2 నుంచి బి-1/బి-2 వారిలో గడువు ముగిసిన 12 నెలల్లోపు పునరుద్ధరించుకునేవారికే, అదీ షరతులతో, ఈ వీలు మిగిలింది. వయసును బట్టి అంతకుముందు ఉన్న మినహాయింపు పోవడంతో, తొలిసారి దరఖాస్తు చేసే 80 ఏళ్లు దాటిన వృద్ధులు కూడా ఇప్పుడు స్వయంగా ఇంటర్వ్యూకు హాజరు కావలసి వస్తోంది.