ఫోటోలో లేని అమ్మ

మా అమ్మ పోయిన తొమ్మిదోరోజున ఇంటిల్లిపాదీ కూచుని ఒక ఫోటో కోసం వెతికాం. పెద్దకర్మ నాటికి పటం కట్టించి దండ వెయ్యాలి కదా! బీరువా అడుగునున్న ఆల్బములన్నీ బయటికి లాగాం. నాన్నగారివి ఉన్నాయి. తమ్ముడికి పుట్టువెంట్రుకలు తీయించే ముందు గౌను తొడిగి, పిలకజడ వేసి తీయించింది ఉంది. వెనక నిలువుటద్దం పెట్టి, జడంతా కనిపించేటట్టు తీసిన నా పూలజడ ఫోటో ఉంది. లేనిదల్లా అమ్మే. చివరికి ఎవరిదో పెళ్లి గ్రూపుఫోటోలోంచి ఆవిడ మొహం ఒక్కటీ పెద్దది చేయించాం.

ఆ వెతుకులాటలోనే నా మొదటి పుట్టినరోజు ఫోటో బయటపడింది. 1982లో మా ఊరి స్టూడియోలో తీసిన నలుపు తెలుపు ఫోటో. వెనక తెరమీద చెరువూ, హంసలూ. ముందు ఎత్తు స్టూలు మీద నేను, బుగ్గన దిష్టిచుక్కతో, ఏడవనా నవ్వనా అన్నట్టు. ఎన్నిసార్లు చూశానో ఆ ఫోటోని! చూసినప్పుడల్లా నన్ను నేనే చూసుకున్నాను కాబోలు. ఈసారి కనిపించాయి, నా నడుం దగ్గర మూడు వేళ్లూ, ఒక గాజూ. తెర పక్కన నక్కి, అమ్మ నన్ను పడిపోకుండా పట్టుకుని ఉంది.

నేను చరిత్ర చదివినదాన్ని కాదు, నవలలు రాసుకునేదాన్ని. కానీ ఆ మూడు వేళ్లూ నన్ను ఊరుకోనివ్వలేదు. పుస్తకాలు తిరగేస్తే తేలిందేమిటంటే, పసిపిల్లల ఫోటోలెంత పాతవో, ఆ వేళ్లూ అంత పాతవే.

1839లో ప్యారిస్‌లో డాగెర్ కనిపెట్టిన ఫోటో పద్ధతిని లోకానికి ప్రకటించారు. వెండిపూత పూసిన రాగిరేకు మీద బొమ్మ పడాలంటే మొదట్లో నిమిషాల తరబడి కదలకుండా కూచోవాలి. పెద్దవాళ్లకైతే తల వెనకాల ఇనపకొక్కెం ఒకటి పెట్టి ఆపేవారు. కొద్ది ఏళ్లలోనే మంచి అద్దాలూ, చురుకైన మందులూ వచ్చి నిమిషాలు కాస్తా సెకండ్లయ్యాయి. అయితే మాత్రం? ఏడాది బిడ్డని పది సెకండ్లు బొమ్మలా కూచోబెట్టడమంటే మాటలా? నమ్మకపోతే మీ ఇంట్లో ప్రయత్నించి చూడండి.

1851లో ఇంగ్లండులో ఆర్చర్ అనే ఆయన గాజుపలక పద్ధతి తెచ్చాడు. అది వచ్చాక ఫోటోగ్రాఫరుకి ఇంకో తొందర. పలకమీద పూసిన మందు తడారకముందే ఫోటో తియ్యాలి, చీకటిగదిలోకి పరిగెత్తి కడగాలి. పలక సిద్ధమయ్యేసరికి బిడ్డకి ఆకలి, బిడ్డ ఊరుకునేసరికి పలక ఆరిపోయేది! తరవాత చవకరకం ఇనపరేకు ఫోటోలు వచ్చి మామూలు సంసారులు కూడా పిల్లల్ని స్టూడియోలకి ఎత్తుకురావడం మొదలెట్టారు.

అప్పుడే పుట్టింది ఆ ఉపాయం. తల్లిని కుర్చీలో కూచోబెట్టి, నెత్తిమీంచి కాళ్లదాకా దుప్పటి కప్పేవారు. ఆ దుప్పటి ముద్ద ఒళ్లో బిడ్డని కూచోబెట్టి ఫోటో తీసేవారు. చుట్టూ అట్టచట్రం బిగించేస్తే బిడ్డ మొహం ఒక్కటే మిగిలేది. చట్రం ఊడిన పాత ఫోటోల్లో ఇప్పటికీ తల్లి దుప్పటి కింద దెయ్యంలా కనిపిస్తుంది. ఇలాంటివి 997 పోగుచేసి, 2013లో వెనిస్ ప్రదర్శనలో పెట్టింది లిండా ఫ్రెగ్ని నాగ్లర్ అనే కళాకారిణి. చూసినవాళ్లు నవ్వుకుంటారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ రోజుల్లో పిల్లలు దక్కడమే గగనం. బిడ్డ కన్నుమూశాక గాని ఫోటో తీయించుకోలేకపోయిన తల్లులు ఎంతమందో. ఉన్నప్పుడే ఒక్కటి తీయించుకోవాలన్న ఆత్రంలో, దుప్పటి కింద తనకి ఊపిరాడుతోందా లేదా అని ఏ తల్లి ఆలోచిస్తుంది?

పిల్లల్ని నిలపడానికి బతిమాలిన ఒకావిడ కథ చెబుతాను. జూలియా మార్గరెట్ కామెరాన్ 1815లో మన కలకత్తాలోనే పుట్టింది. నలభయ్యెనిమిదో ఏట, ఇంగ్లండులో ఉండగా, కూతురూ అల్లుడూ ఆవిడకి కెమేరా బహుమతిగా ఇచ్చారు. ఆవిడ కోళ్లగూడు ఖాళీ చేయించి స్టూడియో చేసుకుంది. మొదట ఇద్దరు పిల్లల్ని నిలబెడితే ఒకళ్లు పకపకా నవ్వేశారు, పలక పాడైంది. ఆ తరవాత ఒక్క పిల్లనే కూచోబెట్టి, కదిలితే నా మందులూ శ్రమా దండగైపోతాయమ్మా అని బతిమాలుకుంది. 1864 జనవరిలో ఆ పిల్ల, ఆనీ, బుద్ధిగా కూచుంది. బొమ్మ కుదరగానే కామెరాన్, ఈ ఫోటో తీసింది నేను కాదు, ఈ పిల్లే అన్నంత సంబరంతో, దానికి బహుమతులివ్వడానికి ఇల్లంతా వెతికిందట. పిల్లల ఫోటోలు తీసేవాళ్లకి ఇంతకు మించిన పాఠం లేదనుకుంటాను.

1880ల నాటికి ఎండుపలకలు బజారులోకి వచ్చాయి. రెప్పపాటులో ఫోటో పడడం మొదలైంది. ఇక దుప్పటి అక్కర్లేదు. బిడ్డ చూపు ఒక్క క్షణం తిప్పితే చాలు. ఫోటోగ్రాఫర్లు గిలకలు కొన్నారు, ఇత్తడిపిట్టలు కొన్నారు. రబ్బరుబుడ్డి నొక్కితే కిచకిచలాడే పిట్టలు. మా ఊరి స్టూడియో ఆయన దగ్గర పిట్ట లేదు, తాళంచెవుల గుత్తి ఉండేది. రీలుకి పన్నెండు ఫోటోలే, అంచేత ఒక్కొక్క బిడ్డకి ఒక్కటే నొక్కు. ఆ ఒక్క నొక్కూ ఎప్పుడు నొక్కాలో తెలియడమే ఆయన విద్య.

ఇక మన హైదరాబాదు సంగతి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫరు రాజా దీన్‌దయాళ్ 1892లో ఇక్కడ ఆడవాళ్లకోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచాడు. కెమేరా వెనక నిలబడింది కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషావిడ. పరదాలో ఉండే ఆడవాళ్లు పరాయి మగవాడి కంటపడకుండా ఫోటో తీయించుకోవడానికి ఏర్పాటన్నమాట. విడ్డూరం చూశారా! పరదా లేని దేశంలో బిడ్డ కోసం తల్లికి దుప్పటి కప్పారు. పరదా ఉన్న ఊళ్లో, తల్లి మొహం ఫోటోలో పడాలని ఒక ఆడదాన్ని కెమేరా వెనక నిలబెట్టారు.

కిందటేడు మా అక్క కూతురు తన పదిరోజుల పాపకి ఫోటోలు తీయించింది. వచ్చిన ఫోటోగ్రాఫరు కూడా అమ్మాయే. గది వెచ్చచేసి, చేతులు కాచుకుని, గంటసేపు పాపని నిద్రపుచ్చి గాని కెమేరా ముట్టుకోలేదు. పాప గడ్డం కింద చేతులు పెట్టుకుని పడుకున్నట్టు ఒక భంగిమ ఉంది. పసిమెడ నిలవదు కదా, అంచేత తల్లి తల పట్టుకుంటుంది, తరవాత కంప్యూటర్లో ఆ చెయ్యి చెరిపేస్తారట. నూటయాభై ఏళ్లు తిరిగి మళ్లీ ఆ దుప్పటే!

"అమ్మాయ్, చెయ్యి చెరపని ఫోటో కూడా ఒకటి నాకివ్వు" అన్నాను.

"అదేమిటండీ, అది బాగుండదు కదా!" అంది ఆశ్చర్యంగా.

"బాగుండకపోయినా ఫరవాలేదమ్మా. నలభై ఏళ్ల తరవాత ఆ పాప వెతుక్కుంటుంది" అన్నాను.

ఇప్పుడు మా హాల్లో అమ్మ పటం కింద రెండు ఫోటోలున్నాయి. ఒకదాంట్లో మూడు వేళ్లు, ఒక గాజు. ఇంకోదాంట్లో పూర్తిగా ఒక చెయ్యి.