మోటారుకు పగ్గాలు

చందుర్తి చుట్టుపక్కల పత్తికి, వరికి మందు కొట్టే బ్యాటరీ పంపుల్లో చాలావాటికి ఇప్పుడు చిన్న రెగ్యులేటర్ ఉంటోంది. తిప్పితే 12 వోల్టుల డీసీ మోటారు నెమ్మదిస్తుంది. మందూ చార్జింగూ రెండూ ఆదా. ఈపాటి పనికి ఇంజినీర్లు కొన్ని తరాలు తంటాలు పడ్డారు.

తొలి పద్ధతి మొరటుది: మోటారుకు వరసగా రెసిస్టెన్సు కలిపి, అక్కర్లేని వోల్టేజిని అందులో తగలెయ్యడం. 12లో ఆరు వోల్టులు మోటారుకు, ఆరు రెసిస్టెన్సుకు పోతే సగం శక్తి వేడికే ఖర్చు. పైగా బరువు పడి మోటారు ఎక్కువ కరెంటు లాగినప్పుడే రెసిస్టెన్సు మరింత వోల్టేజి మింగుతుంది. బలం కావలసినప్పుడే నీరసం! 1931లో మద్రాసు బీచ్–తాంబరం మధ్య మొదలైన కరెంటు రైళ్లు కదిలింది రెసిస్టెన్సుల మీదే. 1891లోనే హ్యారీ వార్డ్ లియొనార్డ్ వేడి బాధ తప్పించే దారి చూపాడు: మోటారుకు సొంతంగా ఒక జనరేటర్, దాన్ని తిప్పడానికి మరో యంత్రం. గనుల్లోంచి బరువులు పైకి లాగే విండర్లకు బాగానే కుదిరింది గానీ, ఒక్క మోటారు కోసం మూడు యంత్రాలు మేపాలి.

కాజీపేట షెడ్డు డబ్ల్యూఏజీ-7 రైలింజిన్లది మరో దారి. ట్రాన్స్‌ఫార్మర్ మీద 32 మెట్ల ట్యాప్ ఛేంజర్. ఒక్కో మెట్టుకు వోల్టేజి ఒక్కసారిగా పెరుగుతుంది, బరువైన బండి లాగేటప్పుడు ఆ కుదుపుకే చక్రం జారవచ్చు. 1957లో జనరల్ ఎలక్ట్రిక్ తెచ్చిన థైరిస్టర్ ఈ మెట్లను చెరిపేసింది. ఏసీ తరంగంలో కావలసినంత ముక్కనే లోపలికి వదలడం దాని పని. 1980ల చివర్లో స్వీడన్, జపాన్‌ల నుంచి వచ్చిన డబ్ల్యూఏజీ-6 థైరిస్టర్ ఇంజిన్లను విశాఖ షెడ్డుకే ఇచ్చారు. కొత్తవలస–కిరండూల్ ఘాట్లలో ఇనుప ఖనిజం బండ్లను మించిన పరీక్ష ఏముంటుంది?

డీసీలో మాత్రం థైరిస్టర్‌తో ఒక పేచీ ఉంది. ఒకసారి వెలిగిస్తే తనంతట ఆరదు. ఆర్పడానికి విడిగా సర్క్యూట్ కావాలి. చెప్పినప్పుడల్లా ఆరే మాస్ఫెట్, ఐజీబీటీ స్విచ్‌లు చవకయ్యాకే పల్స్ విడ్త్ మాడ్యులేషన్ రెగ్యులేటర్ మరలోకి దిగింది. సెకనుకు వేలసార్లు కరెంటు వేసి తీస్తారు. సగం సేపు వేస్తే మోటారుకు అందేది సగటున ఆరు వోల్టులు. కాయిల్ స్వభావం, పక్కనున్న డయోడ్ కలిసి మధ్య ఖాళీల్లోనూ కరెంటును పారనిస్తాయి. స్విచ్ పూర్తిగా మూసో తెరిచో ఉంటుంది కాబట్టి వేడి స్వల్పమే.

ఈలోగా రైల్వే డీసీ మోటార్లనే వదిలేస్తోంది. 1996లో ఏబీబీ నుంచి వచ్చిన డబ్ల్యూఏజీ-9లో ఉన్నవి త్రీఫేజ్ ఏసీ మోటార్లు. వాటికి వోల్టేజినీ ఫ్రీక్వెన్సీనీ వండి వడ్డించేది మాత్రం ఈ పల్సుల పద్ధతే.