పచ్చడి సీసాకీ ఓ చట్టం

జర్మనీకి వచ్చిన కొత్తలో మనందరం ముందుగా నేర్చుకునే పాఠం చెత్త వేరుచేయడం. పెరుగు డబ్బా పసుపు సంచిలోకి, అట్టపెట్టె నీలం డబ్బాలోకి, పచ్చడి సీసా వీధి చివరి గాజు తొట్టెలోకి. అయితే ఆ పసుపు సంచి ఎత్తుకెళ్ళినందుకు మనకి విడిగా బిల్లు రాదు, గమనించారా? మరి ఆ ఖర్చు ఎవరిది?

1980ల చివరికి ఇక్కడ చెత్త పోయడానికి చోటు కరువైంది. ప్యాకింగ్ చెత్త ఎత్తే ఖర్చంతా మున్సిపాలిటీలదే, అంటే జనానిదే. అప్పటి పర్యావరణ మంత్రి క్లౌస్ టొప్ఫర్ ఆ లెక్క తిరగేశారు. 1991లో వచ్చిన ఉత్తర్వు సారం ఇది: ప్యాకింగ్ చేసి అమ్మినవాళ్ళే ఆ ఖాళీ ప్యాకింగ్‌ని వెనక్కి తీసుకోవాలి.

ప్రతి కొట్టూ ఖాళీ డబ్బాలు వెనక్కి తీసుకుంటూ కూర్చోలేదు కదా. అందుకే కంపెనీలన్నీ కలిసి ఒక ఉమ్మడి ఏర్పాటు చేసుకున్నాయి. ప్యాకింగ్ రకాన్నీ బరువునీ బట్టి రుసుము కట్టాలి, ఆ డబ్బుతో పసుపు సంచులు ఎత్తాలి. రుసుము కట్టినట్టు గుర్తే 'ఆకుపచ్చ చుక్క'. అది ఉంటే రీసైకిల్ అయిన వస్తువని చాలామంది అనుకుంటారు కానీ, దాని అర్థం అది కాదు. ఇక ఆ రుసుము సరుకు ధరలో కలిసి మన దగ్గరికే వస్తుందనుకోండి. కానీ ఎక్కువ ప్యాకింగ్ వాడిన కంపెనీకి ఎక్కువ ఖర్చు తగులుతుంది. అసలు ఉద్దేశం అదే.

1994లో యూరోపియన్ యూనియన్ కూడా ప్యాకింగ్ చెత్తపై ఒక ఆదేశం తెచ్చింది. ఆదేశం అంటే లక్ష్యం అందరికీ ఒకటే, చట్టం మాత్రం ఏ దేశానికి ఆ దేశం రాసుకోవాలి. దాంతో దేశానికో పద్ధతి తయారైంది. దాని స్థానంలో వచ్చిందే 2025/40 నిబంధన. 2025 ఫిబ్రవరి 11న అమల్లోకి వచ్చిన ఈ నిబంధన 2026 ఆగస్టు 12 నుంచి 27 దేశాల్లోనూ నేరుగా వర్తిస్తుంది. తలసరి ప్యాకింగ్ చెత్తని 2018తో పోలిస్తే 2030కి 5 శాతం, 2040కి 15 శాతం తగ్గించాలన్నది లక్ష్యం. ఆన్‌లైన్ పార్సిల్ పెట్టెల్లో ఖాళీ జాగా సగానికి మించకూడదన్న షరతు కూడా రాబోతోంది.

ఇదంతా పెద్ద కంపెనీల గొడవ, మనకెందుకు అంటారా? ఇంట్లో ఆవకాయ, సున్నుండలు చేసి పార్సిల్‌లో అమ్మే అక్కచెల్లెళ్ళు మన గ్రూపుల్లోనే ఉన్నారు. జర్మనీలో 2019 నుంచి అమలవుతున్న చట్టం ప్రకారం, వ్యాపారంగా అమ్మేవాళ్ళు లూసిడ్ అనే రిజిస్టర్‌లో పేరు నమోదు చేసుకోవాలి. ఇన్ని సీసాల లోపైతే అక్కర్లేదు అన్న మినహాయింపు లేదు. నమోదు ఉచితమే. నమోదు లేకుండా అమ్మితే లక్ష యూరోల దాకా జరిమానా వేయొచ్చు. సీసా, మూత, దాన్ని పంపే అట్టపెట్టె, లోపలి బబుల్ కవరు, అన్నిటి బరువుకీ విడిగా రుసుము కట్టాలి. స్నేహితురాలికి ఊరికే పంపే సీసాకి ఇవేవీ వర్తించవు.

కొత్త నిబంధనపై అధికారులు ఇచ్చే మార్గదర్శకాలు చదివేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోండి. అవి చట్టాన్ని వివరిస్తాయే గానీ, అవే చట్టం కావు. వాటిలో ముందుగా 'ఉత్పత్తిదారు' అంటే ఎవరో చూడండి. 1991లో ఆ మాట వింటే పెద్ద ఫ్యాక్టరీలు గుర్తొచ్చేవి. ఇప్పుడు ఆ మాటలో మీ వంటగది కూడా ఉండొచ్చు.