ఉడికిన గుడ్డు కథ

(మహిళల రేడియో కార్యక్రమంలో చేసిన ప్రసంగం)

వంటింట్లో అన్నిటికంటె సులువైన పని ఏదని అడిగితే, మంచినీళ్లు కాచడం తరువాత గుడ్డు ఉడకబెట్టడమేనని చాలామంది అంటారు. కొత్తగా కాపురానికి వచ్చిన అమ్మాయి అయినా, అమ్మ ఊరెళితే వంటింట్లోకి అడుగుపెట్టిన అబ్బాయి అయినా ముందుగా చేసేది ఆ పనే. పొయ్యి మీద గిన్నె, గిన్నెలో నీళ్లు, నీళ్లలో గుడ్లు. అంతే గదా! కాని సోదరీమణులారా, ఆ గిన్నె చుట్టూ రెండు పాత ప్రశ్నలున్నాయి. ఎంతసేపు ఉడకాలి అన్నది ఒకటి. ఉడికిన గుడ్డు ఎవరి పళ్ళెంలో పడాలి అన్నది రెండోది. మొదటి ప్రశ్నకు మనుషులు ఎన్నో వందల ఏళ్లుగా జవాబు వెతుకుతున్నారు. రెండోదానికి మన దేశంలో జవాబు దొరకడం మొన్నమొన్నటి సంగతి. ఈ రెంటి చరిత్రా ఈవేళ చెప్పుకుందాం. గుడ్డు ముట్టని ఇళ్లవారు కూడా చరిత్రగా తెలుసుకుంటే తప్పులేదు లెండి.

మన ఇంటి కోడికి పుట్టిల్లు అడవి. ఎర్ర అడవికోడి దాని పూర్వీకురాలు. ఆ పక్షి నేటికీ హిమాలయాల దిగువ అడవుల నుంచి తూర్పు కనుమల వెంట గోదావరి ప్రాంతం దాకా కనిపిస్తూనే ఉంది. 2022లో పురాతత్వ శాస్త్రజ్ఞులు ప్రకటించిన దానిని బట్టి, పెంపుడు కోడివని చెప్పదగ్గ ఎముకల్లో అతి పాతవి థాయిలాండ్‌లోని బాన్ నాన్ వాట్ అనే చోట దొరికాయి. అవి క్రీ.పూ. 1650కీ 1250కీ మధ్య కాలానివి. మనిషి వరి, చిరుధాన్యాలు పండించడం మొదలుపెట్టాక ఆ గింజల కోసం కోడి అడవి దిగి వచ్చి మచ్చికయిందని వారి అభిప్రాయం. కళ్లంలో గింజలు ఏరుకునే కోళ్లను చూసినవారికి ఈ మాట వింతగా తోచదు.

అయితే మొదట్లో కోడిని గుడ్ల కోసం పెంచి ఉంటారనుకోవడం కష్టం. అడవికోడి ఏడాది మొత్తానికి పెట్టే గుడ్లు పది పదిహేనుకు మించవు. మన వైపూ పేరంతా పుంజుదే. వేకువన కూసి ఊరిని లేపేది అది. పందెంలో దిగేది అది. పల్నాటి కథలో నాయకురాలు నాగమ్మకూ బ్రహ్మనాయుడికీ మధ్య చిచ్చు రగిలింది కోడిపందెంతోనే. అలా పుంజు కథలకెక్కింది, పెట్ట మాత్రం గంప కిందే ఉండిపోయింది. నాటుపెట్ట పది పన్నెండు గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది. ఆ గుడ్లు వండుకుంటే రేపటికి పిల్లలుండవు. పల్లెటూరి ఇల్లాలికి గుడ్డంటే కూర కన్నా ముందు పొదుపు. చుట్టం వస్తేనో, జబ్బుపడి లేచినవారికి బలం కావాలంటేనో తప్ప దాన్ని పొయ్యెక్కించడానికి మనసొప్పేది కాదు.

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. ప్రాచీన రోములో కలిగినవారి విందు గుడ్లతో మొదలై పళ్లతో ముగిసేది. "గుడ్డు నుంచి ఆపిల్ దాకా" అంటే మొదటి నుంచి చివరిదాకా అని వారి భాషలో నానుడి అయింది. అపీషియస్ పేరు మీద నిలిచిన రోమను వంటల పుస్తకంలో మెత్తగా ఉడికిన గుడ్లకు ఒక పచ్చడి లాంటిది ఉంది. నానబెట్టిన పైన్ గింజలు, మిరియాలు, తేనె, వెనిగర్, ఊరవేసిన చేపల రసం కలిపి నూరేవారు. రోము వాళ్లు వాడిన మిరియాలు మన మలబారు తీరం నుంచి ఓడలెక్కి వెళ్లేవి సుమా! ఉడికిన గుడ్డు మీద మిరియాల పొడి చల్లుకోవడం ఎంత పాత అలవాటో చూడండి.

మెత్తగా ఉడకాలంటే సమయం తెలియాలి. గడియారం లేనివారు ఏం చేశారు? 15వ శతాబ్దంలో ఇటలీలో మార్టినో అనే పేరుమోసిన వంటవాడు ఉండేవాడు. తాజా గుడ్లను చన్నీళ్లలో వేసి, ఒక పేటర్నోస్టర్ చదివేంతసేపు, లేదా ఇంకాస్త, ఉడికించి తీయమని ఆయన రాశాడు. పేటర్నోస్టర్ అంటే క్రైస్తవులు రోజూ చేసుకునే ప్రార్థన. ప్రతి ఇల్లాలికీ నోటికి వచ్చిన ప్రార్థనే ఆనాటి గడియారం. తరువాత మూడు నాలుగు నిమిషాల్లో ఇసుక కిందికి జారిపోయే చిన్న గాజు గడియారాలు ఐరోపా వంటిళ్లలో గుడ్ల కోసమే వెలిశాయి.

ఇంత అవస్థ దేనికంటారా? అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలుస్తుంది. పప్పును గరిటెతో నొక్కి చూడవచ్చు. గుడ్డు సంగతి అలా కాదు, పెంకు మూసుకుని కూర్చుంటుంది. లోపల ఏం జరుగుతున్నదీ కంటికి ఆనదు. అందుకే గుడ్డును చేత్తో గాక కాలంతో కొలవవలసి వచ్చింది.

పెంకు లోపలి కథ ఇప్పుడు బాగానే తెలుసు. తెల్లసొన 60 డిగ్రీలు దాటగానే చిక్కబడడం మొదలుపెట్టి, 80 డిగ్రీల దగ్గర బాగా గట్టిపడుతుంది. పచ్చసొనకు 65 నుంచి 70 డిగ్రీలు చాలు. అంటే తెల్లసొనకు ఎక్కువ వేడి కావాలి, పచ్చసొనకు తక్కువ కావాలి. రెండూ ఉండేది ఒకే పెంకులో! 2025లో ఇటలీలోనే నేపుల్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు దీనికొక ఉపాయం ప్రకటించారు. గుడ్డును మరిగే నీళ్లలో రెండు నిమిషాలు, 30 డిగ్రీల నీళ్లలో రెండు నిమిషాలు, ఇలా మార్చి మార్చి 32 నిమిషాలు ఉంచితే రెండు సొనలూ సమంగా కుదురుతాయట. బడికి వెళ్లే పిల్లలకు డబ్బా కట్టే ఇల్లాలికి అంత తీరిక ఎక్కడిది? కాని వారి ప్రయోగంలో మనకు పనికివచ్చే నీతి ఒకటుంది. గుడ్డుకు కావలసింది మంట జోరు కాదు, తగిన వేడి, తగిన సమయం.

ఆ నీతి మరిచినప్పుడు ఏమవుతుందో మీకు తెలుసు. తెల్లసొన రబ్బరులా సాగుతుంది. పచ్చసొన పొడిపొడిగా అయి గొంతు పట్టుకుంటుంది. చుట్టూ ఆకుపచ్చ బూడిదరంగు వలయం ఏర్పడుతుంది. అది విషమని కొందరు పారేస్తారు. విషమేమీ కాదు. ఎక్కువసేపు కాగిన తెల్లసొనలోంచి వచ్చే గంధకం పచ్చసొనలోని ఇనుముతో కలిస్తే ఆ రంగు వస్తుంది. తినవచ్చు, రుచే తగ్గుతుంది. ప్రెషర్ కుక్కర్లో వేడి 120 డిగ్రీల దరిదాపులకు పోతుంది కనుక అందులో ఉడికిన గుడ్లకు ఈ తిప్పలు మరీ ఎక్కువ.

ఇక పద్ధతి చెబుతాను. గుడ్డును ముందుగా ఒక గిన్నెడు నీళ్లలో వేసి చూడండి. అడుగున పడుకుంటే తాజాది. నిలబడితే కొంచెం పాతది, అయినా పనికొస్తుంది. పైకి తేలితే వాడకపోవడమే మంచిది. పెంకుకు వేలకొద్దీ సన్నని రంధ్రాలుంటాయి. వాటి గుండా లోపలి తేమ పోయి గాలి చేరుతుంది కనుకనే పాత గుడ్డు తేలుతుంది. ఆ రంధ్రాల మీద సహజమైన పలచని పొర ఉంటుంది కనుక గుడ్లు తేగానే కడగవద్దు. ఉడకబెట్టబోయే ముందు కడగండి.

గుడ్లు ఒకదానిమీద ఒకటి లేకుండా గిన్నెలో పరచి, పైన అంగుళం నిలిచేలా చన్నీళ్లు పోయండి. ఫ్రిజ్‌లోంచి తీసిన గుడ్డును అలాగే మరిగే నీళ్లలో వేస్తే పగిలే భయం ఉంది. నీళ్లు తెర్లడం మొదలవగానే సెగ తగ్గించి, అప్పుడు గడియారం చూడండి. 5 నిమిషాలకు పచ్చసొన జారుడుగా ఉంటుంది. 10 నిమిషాలకు నడిమధ్య దాకా గట్టిపడుతుంది. ఊటీ వంటి ఎత్తయిన చోట నీళ్లు 93 డిగ్రీలకు లోపే మరుగుతాయి కనుక అక్కడ ఇంకొంచెం సమయం ఇవ్వాలి. నీళ్లలో వేసిన ఉప్పు పెంకు దాటి గుడ్డుకు రుచి ఇవ్వదు గాని, పెంకు చిట్లితే కారే సొన త్వరగా పేరుకోవడానికి ఉపయోగపడుతుంది.

దించగానే వేడినీళ్లు వంపి చన్నీళ్లు పోయండి. రెండుసార్లు నీళ్లు మారిస్తే మరీ మంచిది. ఆకుపచ్చ వలయం రాకుండా ఆపేది ఈ చన్నీళ్లే. పెంకు తీసేటప్పుడు గుడ్డు వెడల్పు వైపు నుంచి మొదలుపెట్టండి. గాలి గది అటువైపే ఉంటుంది. ఆ రోజే పెట్టిన గుడ్డుకు పెంకు ఊడిరాక తెల్లసొన పెచ్చులుపెచ్చులుగా లేస్తుంది. వారం నాటి గుడ్డుకు ఆ బాధ తక్కువ. ఉడికిన గుడ్లను మన ఎండల్లో బయట రెండు గంటలకు మించి ఉంచకండి. గర్భిణులకు, పసిపిల్లలకు, ముసలివారికి జారుడు గుడ్డు వద్దు, పూర్తిగా ఉడికినదే పెట్టండి. పచ్చిగుడ్డు తాగితే బలమన్న నమ్మకం ఇంకా కొందరికి ఉంది. 1998లో బెల్జియం పరిశోధకులు లెక్కతీస్తే, ఉడికిన గుడ్డు మాంసకృత్తుల్లో సుమారు 91 శాతం ఒంటబట్టింది, పచ్చిదానిలో 51 శాతమే. బలమంతా పొయ్యి దగ్గరే ఉందన్నమాట.

ఇప్పుడు రెండో ప్రశ్న. ఉడికిన గుడ్డు ఎవరి పళ్ళెంలో పడాలి? మన దేశంలో ముందుగా, అసలు ఇంట్లోకి రావచ్చునా అన్న తగవే తేలలేదు. తినే ఇళ్లలో కూడా గుడ్డు గిన్నె వేరు, పెరటి పొయ్యి వేరు అన్న పట్టింపు ఉండేది. 1942లో ఆగాఖాన్ భవనంలో నిర్బంధంలో ఉండి గాంధీగారు ఆరోగ్యం గురించి ఒక చిన్న పుస్తకం రాశారు. పుంజు లేకుండా పెట్టిన గుడ్డు ఎన్నటికీ పిల్ల కాదు కనుక, పాలు తాగేవారు అటువంటి గుడ్డును తినడానికి అభ్యంతరం ఉండనక్కరలేదని అందులో అన్నారు. తినమని ఆయన ఎవరినీ బలవంతపెట్టలేదు. ఎవరి ఆచారం వారిది. కాని ఒక పెద్దమనిషి శాకాహారిగా ఉంటూనే ఇంత నిదానంగా ఆలోచించారన్నది గుర్తుంచుకోదగ్గది.

నేటి ఫారం గుడ్లు చాలావరకు అటువంటివే. బి.వి.రావు గారు 1971లో వెంకటేశ్వర హ్యాచరీస్ స్థాపించారు. 1980ల మొదట్లో గుడ్ల ధర వర్తకుల చేతిలో ఉండి, పెంపకందారుకు ఖర్చు కూడా గిట్టని రోజులు వచ్చాయి. అప్పుడాయన ఊరూరా తిరిగి రైతులను కూడగట్టడంతో 1982లో జాతీయ కోడిగుడ్ల సమన్వయ కమిటీ ఏర్పడింది. తమ ధర తామే చెప్పుకునే శక్తి రైతులకు వచ్చింది. ఏడాదికి 300 గుడ్లు పెట్టే కోళ్లు వచ్చాక గుడ్డు పొదుపు సొమ్ము కాక, సందు చివరి కొట్టులో దొరికే సరుకైంది.

అక్కడి నుంచి గుడ్డు బడికి వెళ్లింది. తమిళనాడు బడిభోజనంలో 1989లో రెండు వారాలకొక గుడ్డుతో మొదలుపెట్టారు. బడుల్లో వండిన భోజనం పెట్టాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశించింది. మన రాష్ట్రంలో 2003 జనవరి నుంచి ఆ భోజనం మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో వారానికి అయిదు గుడ్లయ్యాయి. 2024లో ఆ పథకానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. గోదావరి లంకల్లో వేళగాని వేళ వచ్చిన బాటసారికి కూడా లేదనకుండా అన్నం పెట్టిన ఇల్లాలు ఆమె. తెలంగాణలో 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి పథకం కింద అంగన్‌వాడీలలో గర్భిణులకు, బాలింతలకు భోజనంతో పాటు ఒక గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తూ వచ్చారు.

ఇన్ని పదార్థాలుండగా ఉడికిన గుడ్డుకే ఈ స్థానం ఎందుకు వచ్చింది? ఒక్కొక్క దానిలో ఆరు గ్రాముల మంచి మాంసకృత్తులున్నాయి, నిజమే. కాని ఇంకో గుణం కూడా ఉంది. అది లెక్కకు వస్తుంది. పప్పులో నీళ్లు పోసి పెంచవచ్చు, పాలలో నీళ్లు కలపవచ్చు. పెంకులో ఉన్న గుడ్డును ఎవరూ పలచన చేయలేరు. నూరుమంది పిల్లలుంటే నూరు గుడ్లు ఉండాలి. ఒకటి తగ్గితే ఏ బిడ్డ పళ్ళెం ఖాళీయో ఇట్టే తెలిసిపోతుంది.

మన ఇళ్లలోనూ ఆ లెక్క పనికొస్తుంది. కూర వండితే మగవారికి, పిల్లలకు ముక్కలు, చివర కూర్చున్న ఇల్లాలికి అడుగున మిగిలిన పులుసు. ఆడపిల్లకు సగం, మగపిల్లవాడికి ఒకటిన్నర. ఇది మనకు తెలియని విషయం కాదు, కూర గిన్నెలో ఎవరికీ కనిపించదంతే. ఉడికిన గుడ్డు దగ్గర ఆ దాపరికం సాగదు. కనుక రేపు మీరు గిన్నెలో నీళ్లు పోసేటప్పుడు గడియారంతో పాటు మనుషులను కూడా లెక్కపెట్టండి. ఇంట్లో గుడ్డు తినేవారు అయిదుగురైతే గిన్నెలో అయిదు గుడ్లు ఉండాలి. ఆ అయిదోది మీదే, ఇంకెవరికీ వడ్డించవద్దు.