ఊపిరి లెక్క

ఊపిరి తీయుట యెవరును నేర్పవలసిన విద్య కాదు. తీయుచున్న ఊపిరిని కనిపెట్టుచు కూర్చుండుట మాత్రము విద్యయే. పీట వైచుకొని ఒకమాఱు యత్నించినవారికి మనస్సు పది క్షణములైనను నిలువదని తెలియును. మేమును అట్లు యత్నించి, ఇది మావంటివారికి పట్టుబడదని లేచిపోయినవారమే. ప్రాచీన బౌద్ధాచార్యులు క్రొత్తవారికొఱకు వ్రాసియుంచిన మాటలు చదివిన పిమ్మట ఆ నిరాశ కొంత తగ్గినది.

పాళీ మజ్ఝిమనికాయమందలి ఆనాపానసతి సుత్తము ఈ సాధనకు ముఖ్యాధారము. శ్రావస్తిలోని పూర్వారామమున, కార్తిక పూర్ణిమ రాత్రి బుద్ధుడు దీని నుపదేశించినట్లు అందు కలదు. ఆనాపానమనగా ఉచ్ఛ్వాస నిశ్వాసములు. సతి యనగా ఎఱుక. అందలి మెట్లు 16. దీర్ఘమైన ఊపిరిని దీర్ఘమనియు, హ్రస్వమైనదానిని హ్రస్వమనియు ఎఱుగుటయే తొలి రెండు మెట్లు. బిగబట్టుమని గాని, కొలిచి విడువుమని గాని అందు లేదు.

ఇంతమాత్రము తెలిసినను క్రొత్తవాని కష్టము తీఱదు. క్రీ.శ. 5వ శతాబ్దమున సింహళములో విసుద్ధిమగ్గమును రచించిన బుద్ధఘోషుడు ఆ కష్టము నెఱిగినవాడు. మొదట ఊపిరులను లెక్కింపుమనెను. ఐదింటికి లోపల ఆపరాదు, పదింటిని దాటరాదు. ఏలయన, ఐదింటికి లోపలనైనచో ఇఱుకు దొడ్డిలోని పసులవలె మనస్సు త్రొక్కిసలాడును. పదింటికి మించినచో ఊపిరిని విడిచి అంకెను పట్టుకొనును. తొలుత ధాన్యము కొలుచువానివలె నిదానముగా లెక్కింపవలెను. మన కళ్ళములలో మొదటి కుంచమును ఒకటి యనక లాభమనుట శ్రోతలకు జ్ఞాపకము రాగలదు. పిదప గోపాలుని లెక్క: ఒడిలో గులకరాళ్ళు పోసికొని దొడ్డివాకిట కూర్చుండి, వెలువడు ఆవున కొక రాయి చొప్పున విసరువాని వేగము. లెక్క లేకయే మనస్సు నిలిచిననాడు లెక్కను విడువవలెను.

ఆయన చెప్పిన మఱియొక ఉపమానము మాకు మిక్కిలి ఊరట నిచ్చినది. పొగరుబోతు లేగను మచ్చికచేయదలచినవాడు దానిని తల్లినుండి వేఱుచేసి, పలుపుతో బలమైన గుంజకు కట్టును. అది అటునిటు గుంజుకొనును. తెంపుకొనలేక తుదకు ఆ గుంజ మొదటనే పడుకొనును. ఊపిరియే గుంజ, ఎఱుకయే పలుపు. లేగ గుంజుకొనుట కట్టినవాని తప్పు కాదు గదా!

ఆ గ్రంథము ప్రధానముగా భిక్షువులకై పుట్టినది. 1885లో ఉత్తర బర్మా ఆంగ్లేయుల వశమైన పిమ్మట, లెడీ సయాడో అను భిక్షువు ఊరూర గృహస్థులకు ధర్మమును ధ్యానమును బోధించెను. ఆయన శిష్యుడగు సయా తెట్‌జీ సేద్యగాడు. తెట్‌జీ కడ 1937లో అభ్యాస మారంభించిన ఊ బా ఖిన్, 1948లో స్వతంత్ర బర్మాకు అకౌంటెంట్ జనరలాయెను. 1952లో రంగూనులో ధ్యానకేంద్రమును నెలకొల్పెను. వింత యేమనగా, జీవితమంతయు లెక్కలలో గడపిన ఈయన పద్ధతిలో లెక్కింపు లేదు. నాసికాగ్రమున సహజముగా వచ్చిపోవు ఊపిరిని ఊరక కనిపెట్టవలెను.

1955లో ఆయన శిష్యుడైన సత్యనారాయణ గోయెంకా 1969లో ఆ పద్ధతిని భారతదేశమునకు తెచ్చెను. 1976లో హైదరాబాదు చెంత, నాగార్జునసాగరము త్రోవలో, ధమ్మఖేత్త మను కేంద్రము వెలసినది. అచట పది దినముల శిక్షణలో తొలి మూడు దినములును ఊపిరిని కనిపెట్టుటయే పని. మొదటి దినమున లేగ పలుపును ఎంతగా గుంజునో అచట కూర్చున్నవారు చెప్పగలరు.