కొలువు పోయిన కళావతులు

1801లో కుంఫిణీ సేనలు పాంచాలంకురిచ్చి దుర్గమును నేలమట్టము గావించి, ఆ పాటిదిబ్బమీద ఆముదములు విత్తించెనని ప్రతీతి. కాయత్తారులో ఉరికంబ మెక్కిన కట్టబొమ్మన, చెరసాల తప్పించుకొనివచ్చి కోటను మరల లేపిన ఊమైదురల వీరగాథలు కోవిలుపట్టి, విరుదునగరు ప్రాంతములవారి కెల్లరకు పరిచితములు. అయితే రాజ్యములు కూలినపుడు కత్తి పట్టినవారితోపాటు గజ్జె కట్టినవారును నిరాశ్రయు లగుదురను సంగతి మన చరిత్రకారులకు అంతగా పట్టలేదు. ఆ లోపము నన్ను మిక్కిలి బాధించును గనుక తంజావూరి మాట చెప్పవలసియున్నది.

1855లో రెండవ శివాజీ మగసంతానము లేక గతింపగా కుంఫిణీవా రా సంస్థానమును కబళించిరి. తరతరములుగా తెలుగు పదములును వర్ణములును పాడి యాడి బ్రతికిన కళావతులకు కొలువు పోయెను. వారి నెవరును కత్తి చూపి వెడలగొట్టలేదు గాని, జీవిక తొలగిన ఊర నిలుచుట యెట్లు? పలువురు మదరాసు దారి పట్టిరి. కొందరి పయనము మఱింత దీనమైనది: 1880లో తంజావూరి రాజకుమారి లక్ష్మీబాయి బరోడా సయాజీరావు గాయక్వాడును పెండ్లాడగా, గౌర, కాంతిమతి యను నర్తకు లరణములో భాగముగా ఆ దూరదేశమున కంపబడిరి.

తంజావూరు కొలువున ఆడి పాడిన పాపమ్మాళ్ సంతతియు మదరాసుననే స్థిరపడెను. ఆ వంశమున 1867లో జన్మించిన వీణ ధనమ్మాళ్, రాజు లేని పట్టణమున తన యింటినే ఆస్థానముగా మలచుకొనెను. శుక్రవారపు సాయంకాలములందు జార్జిటవునులోని ఆ యింట ఆమె వీణ మీటుచు పాడుచుండగా, పేరుమోసిన విద్వాంసులు సైతము వచ్చి మాటాడక కూర్చుండెడివారు. చూపు మందగించినను, లేమి పీడించినను, అంధగాయకుడగు బాలదాసు నాయనివద్ద నేర్చిన క్షేత్రయ్య పదముల విలంబగతి నామె ఆవంతయు చెడనీయలేదు. కృష్ణామండలపు మువ్వతో పేరు ముడివడిన ఆ పదములు మదరాసులో ఈ యింటి స్త్రీల కంఠముల నింత నిండుగా నిలిచినందులకు తెలుగువారము వారికి ఋణపడియున్నాము.

ధనమ్మాళ్ మనుమరాలు బాలసరస్వతి ఏడేండ్ల ప్రాయమున, 1925లో, కంచిలో అరంగేట్రము చేయునాటికి దేవదాసీ నాట్యముపై వ్యతిరేకోద్యమము బలపడుచుండెను; 1947లో మదరాసు శాసనమును వచ్చెను. నిందను సహించియు నామె అభినయమును విడువలేదు. 1961లో టోక్యోలోను, మరుసటి యేట అమెరికాలోను ఆడి, పిమ్మట అచ్చటి విద్యార్థులకు బోధించెను. 1973లో మదరాసు సంగీత అకాడమీ ఆమెకు సంగీతకళానిధి బిరుద మొసగినది. నర్తకి కది లభించుట అదియే ప్రథమము. మూడేండ్లకు అదే యింటి మరియొక మనుమరాలు, పదముల పాటకు పేరెన్నిక గన్న బృంద, ఆ బిరుదమునే అందుకొనెను.